పాత కంప్యూటర్‌లో ఉన్న అమానత్: విండోస్ 98ను మళ్లీ నిలబెట్టిన వైనం

మా సొసైటీ ఆఫీసు వెనక గదిలో, ఇనుప బీరువా పైన, గుడ్డ కప్పిన ఒక కంప్యూటర్ చాలా ఏళ్లుగా ఉంది. మీలో కొందరు దాన్ని చూసి "ఇంకా దీన్ని ఎందుకు ఉంచారు? పాత సామానువాడికి ఇచ్చేయక!" అని అడిగారు కూడా. నిజం చెప్పాలంటే మేమూ అలాగే అనుకున్నాం. పోయిన ఏడాది ఒక రోజు జరిగిన సంగతితో మా ఆలోచన మారింది. ఆ సంగతిని, దాని వెంట మేము నేర్చుకున్న పనిని దాతలైన మీకు వివరంగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఒకప్పుడు మా కుట్టు శిక్షణ కేంద్రంలో నేర్చుకున్న ఒక అమ్మాయి, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, ఆఫీసుకు వచ్చింది. "ఆపా, నా సర్టిఫికెట్ పోయింది. ఒక చోట కుట్టు టీచర్ ఉద్యోగం ఉంది, కాగితం చూపించమంటున్నారు. ఇంకో కాపీ ఇస్తారా?" అని అడిగింది. ఇవ్వడానికి ముందు రిజిస్టర్ చూడాలి కదా. ఆ రిజిస్టర్లు కింది అరల్లో ఉండేవి. 2020 అక్టోబరులో నగరాన్ని ముంచెత్తిన వర్షాలకు పాతబస్తీలో ఎన్నో ఇళ్లలాగే మా ఆఫీసులోకీ నీళ్లు వచ్చాయి. కాగితాలు ముద్దయ్యాయి, సిరా కరిగిపోయింది. ఎండలో ఆరబెట్టినా అక్షరం మిగల్లేదు.

మిగిలింది బీరువా పైనున్న ఆ కంప్యూటర్ ఒక్కటే. అప్పట్లో శిక్షణ పూర్తిచేసిన వాళ్ల జాబితాలన్నీ, సర్టిఫికెట్లన్నీ దానిలోనే టైపు చేశాం. మీరిచ్చిన డబ్బుతో ఎవరు చదివారు, ఎవరు పని నేర్చుకున్నారు అన్న లెక్క అది. మన మాటలో చెప్పాలంటే అమానత్. దాన్ని పోగొట్టుకునే హక్కు మాకు లేదు.

"ఫార్మాట్ కొట్టేద్దాం" అన్న మాట

కంప్యూటర్‌ను కిందికి దించి, దుమ్ము దులిపి, స్విచ్ వేశాం. ఫ్యాన్ తిరిగింది, తెర మీద కొన్ని తెల్ల అక్షరాలు వచ్చాయి. తేదీ ఎక్కడో వెనక్కి పోయి ఉంది. తర్వాత "డిస్క్ బూట్ ఫెయిల్యూర్" అన్న మాట వచ్చి ఆగిపోయింది.

పిలిపించిన మెకానిక్ కుర్రాడు మంచివాడే. ఒక నిమిషం చూసి, "మేడం, విండోస్ పోయింది. ఫార్మాట్ కొట్టి కొత్తది ఎక్కిస్తే అరగంట పని" అన్నాడు. మేము చెయ్యి అడ్డం పెట్టి ఆపాం. ఫార్మాట్ అంటే పలకను తుడిచి మళ్లీ రాయడం. మాకు కావలసినది పలక కాదు, దాని మీద రాసి ఉన్నది.

దాతలు గుర్తుంచుకోవలసిన మొదటి పాఠం ఇదే. పాత కంప్యూటర్ మొరాయిస్తే "ఏమి పోయింది" అని అడిగే ముందు "లోపల ఏమి ఉంది" అని అడగాలి. విండోస్ పోతే మళ్లీ ఎక్కించుకోవచ్చు. లోపలి ఫైళ్లు పోతే ఏ దుకాణంలోనూ దొరకవు.

మొదట కాపీ, తర్వాతే మరమ్మతు

తేదీ వెనక్కి పోవడానికి కారణం చిన్నది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. సీఆర్ 2032 అంటారు, 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు గడియారాన్నీ, కంప్యూటర్ తన సొంత అమరికలనూ గుర్తుపెట్టుకునేది దానివల్లే. ఏళ్ల తరబడి వాడకపోతే అది అయిపోతుంది. పాత యంత్రాల్లో బ్యాటరీ పోతే ఏ డిస్కు నుంచి మొదలుపెట్టాలో కూడా యంత్రం మరచిపోతుంది. అందుకే ముందు దాన్ని మార్చి చూశాం. వంద రూపాయలలోపు పని.

మా యంత్రానికి అంతటితో నయం కాలేదు. మూత తీసి వెలుతురులో చూస్తే మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు, అంటే చిన్న డబ్బాల్లాంటివి, పైన ఉబ్బి ఉన్నాయి. ఒకటి రెండు కారాయి కూడా. అవి ఉబ్బాయంటే కరెంటు నిలకడగా అందదు, యంత్రం ఎప్పుడు ఆగుతుందో తెలియదు. అలాంటి యంత్రంలో పాత డిస్కును మళ్లీ మళ్లీ తిప్పడం ప్రమాదం. అందుకని హార్డ్ డిస్కును బయటికి తీసేశాం.

ఆ డిస్కుకు ఇప్పటి కంప్యూటర్లలో లేని వెడల్పు పట్టీ కేబుల్ ఉంటుంది. 40 సూదుల ఐడీఈ రకం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, ఐడీఈ డిస్కును యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ తెచ్చాం. దానితోపాటు విడిగా కరెంటు ఇచ్చే చిన్న పెట్టె కూడా ఉండాలి. యూఎస్‌బీ తీగ ఒక్కటే ఆ డిస్కును తిప్పలేదు. డిస్కు వెనక "మాస్టర్", "స్లేవ్" అని చిన్న జంపర్ ఉంటుంది. దాన్ని మాస్టర్‌లో పెట్టాం.

కొత్త కంప్యూటర్‌కు తగిలించి, ఫైళ్లు ఏవీ తెరవకుండా, ముందు డిస్కు మొత్తానికి నకలు తీశాం. దీన్ని ఇమేజ్ అంటారు. ఇందులో డిస్కును మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఉన్నదున్నట్టుగా ఒకే పెద్ద ఫైలుగా రాసుకుంటారు. మధ్యలో కొన్ని గడులు చదవడానికి రాలేదు. వాటిని దాటుకుంటూ పోయి మిగతాది తీసుకున్నాం. ఆ నకలుకు ఇంకో నకలు తీసి, అసలు డిస్కును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాం. అక్కడి నుంచి పనంతా నకలు మీదే.

ఫైలు ఉంది, అక్షరం లేదు

నకలులో సర్టిఫికెట్ల ఫోల్డర్ కనబడింది. సంతోషంతో కొత్త కంప్యూటర్‌లో ఒక ఫైలు తెరిచాం. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, డాలరు గుర్తులు! తెలుగు ఒక్క ముక్క లేదు.

ఇది పాడైపోవడం కాదు. కారణం తెలిస్తే భయం పోతుంది. కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఆ రోజుల్లో తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్లు ఇంగ్లీషు అక్షరాల అంకెలనే తీసుకుని, వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగేవి. ఆ ఫాంటు ఉన్నంతసేపూ తెలుగు కనబడుతుంది. ఫాంటు తీసేస్తే కింద ఉన్న ఇంగ్లీషు అక్షరం బయటపడుతుంది. ఇప్పుడు మనం సెల్‌ఫోన్‌లో టైపు చేసే తెలుగు యూనికోడ్. అందులో తెలుగుకు ప్రత్యేకంగా 128 గడులు కేటాయించారు, ఏ యంత్రంలోనైనా అదే అంకెకు అదే అక్షరం. యూనికోడ్ 1991లోనే వచ్చినా, విండోస్‌లో తెలుగు యూనికోడ్ 2001లో వచ్చిన ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో అందింది. మా కంప్యూటర్‌లో ఉన్నది అంతకు ముందుదైన విండోస్ 98.

ఉర్దూ పరిస్థితీ ఇలాంటిదే. నస్తాలీఖ్ రాత వాలుగా, ఒక మాట మీద ఒక మాట ఎక్కుతూ సాగుతుంది కాబట్టి అక్షరాలను విడివిడిగా పేర్చడం కుదరదు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వేల కొద్దీ మాటల ముక్కలను చేత్తో రాసి నూరీ నస్తాలీఖ్‌ను తయారుచేశాకే కంప్యూటర్ నస్తాలీఖ్ సాధ్యమైంది. 1994లో మన దేశంలోనే తయారైన ఇన్‌పేజ్ వచ్చాక ఉర్దూ అచ్చుపని మేజా మీది కంప్యూటర్‌కు దిగింది. ఛత్తా బజార్‌లో శుభలేఖలు అచ్చువేసే వీధి గుండా నడిచినవారికి ఆ మార్పు తెలుసు. కలం పట్టిన కాతిబ్ పక్కనే కీబోర్డు వచ్చి కూర్చుంది. ఆ కాలం నాటి ఉర్దూ ఫైళ్లు కూడా వాటి సొంత సాఫ్ట్‌వేర్ లేకుండా నేరుగా తెరుచుకోవు.

ఫైలు చదవాలంటే ఆ సాఫ్ట్‌వేర్ కావాలి. ఆ సాఫ్ట్‌వేర్‌కు విండోస్ 98 కావాలి. పైగా మా తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్‌కు ఒక తాళం ఉంది. ప్రింటర్ పోర్టుకు తగిలించే బొటనవేలంత పెట్టె అది. అది లేకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టే లేదు. కాబట్టి ఆ పోర్టు ఉన్న పాత యంత్రమే కావాలి.

దాత ఇచ్చిన పెంటియమ్ 4

ఇక్కడ మీ దానమే పనికొచ్చింది. ఒక పెద్దాయన తన దుకాణం కంప్యూటర్ మార్చుకున్నప్పుడు పాతదాన్ని మాకు ఇచ్చారు. అది 1 జీబీ మెమరీ, 160 జీబీ డిస్కు ఉన్న పెంటియమ్ 4. వెనక ప్రింటర్ పోర్టు ఉంది. అన్నిటికన్నా విలువైనది, మదర్‌బోర్డుతో వచ్చిన డ్రైవర్ సీడీని కూడా కవరులో పెట్టి ఇచ్చారు. మా విండోస్ 98 సీడీ, దాని కవరు మీది 25 అక్షరాల కీ మా దగ్గర భద్రంగా ఉన్నాయి.

విండోస్ 98 వచ్చింది 1998 జూన్ 25న. మైక్రోసాఫ్ట్ దానికి సహాయం ఆపేసింది 2006 జూలై 11న. దాన్ని తయారుచేసినప్పుడు 16 ఎంబీ మెమరీ ఉంటే చాలన్నారు. మా యంత్రంలో అంతకు 64 రెట్లు ఉంది. "ఇంకేం, పరుగెడుతుంది" అనుకున్నాం. ఆ పొరపాటుకు మూడు సాయంత్రాలు పట్టింది. ఎదురైన చిక్కులు వరుసగా చెబుతాం. ఎవరికైనా ఉపయోగపడవచ్చు.

మొదటి చిక్కు: ఫ్లాపీ. మా సీడీ నేరుగా బూట్ కాదు, ముందు 1.44 ఎంబీ బూట్ ఫ్లాపీ పెట్టాలి. మా పాత ఫ్లాపీ మీద బూజు పట్టింది. అలాంటిదాన్ని డ్రైవులో పెడితే చదివే తల కూడా పాడవుతుంది. జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య వెతికి శుభ్రమైన ఫ్లాపీలు నాలుగు తెచ్చాం. అందులో ఒకటి పనిచేసింది.

రెండో చిక్కు: డిస్కు కొలత. డిస్కును భాగాలు చేసే ఎఫ్‌డిస్క్ అనే పాత పనిముట్టు మా 160 జీబీ డిస్కును చూసి దాదాపు 21 జీబీ అని చెప్పింది. డిస్కు చెడిపోయిందని కంగారుపడ్డాం. లెక్క వేస్తే విషయం తెలిసింది. డిస్కు చేసినవారు వెయ్యి లెక్కన 160 అంటారు, కంప్యూటర్ 1024 లెక్కన చూస్తే అది 149. పాత ఎఫ్‌డిస్క్ 64 జీబీకి మించి లెక్కపెట్టలేదు, 64 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. 149లో రెండు 64లు తీసేస్తే 21. గోడగడియారం 13 గంటలను 1 అని చూపినట్టే.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. విండోస్ 98తో వచ్చే డిస్కు డ్రైవరుకు 137 జీబీ దాటిన చోటు తెలియదు. అక్కడ రాయబోయి, తిరిగి డిస్కు మొదట్లో రాసి, ఉన్న ఫైళ్లను చెడగొట్టవచ్చు. అందుకే మేము డిస్కు మొదట్లో 20 జీబీ భాగం ఒక్కటే చేసి, మిగతాది ముట్టుకోకుండా వదిలేశాం. ఎఫ్‌డిస్క్ మొదట్లో "పెద్ద డిస్కు సదుపాయం కావాలా" అని అడిగితే అవును అనాలి, లేకపోతే 2 జీబీకి మించి భాగం చేయనివ్వదు. భాగం చేశాక దాన్ని "యాక్టివ్" అని గుర్తించడం మరచిపోవద్దు. అది మరచిపోతే ఇన్‌స్టాల్ అంతా అయ్యాక కూడా యంత్రం బూట్ కాదు.

మూడో చిక్కు: సీడీ ఎక్కడ? డిస్కు సీ, కాబట్టి సీడీ డీ అయి ఉండాలి అనుకుని డీకి వెళ్లాం. అక్కడ సెటప్ లేదు, ఏవో చిన్న ఫైళ్లు ఉన్నాయి. సీడీ పాడైందని తుడిచి తుడిచి పెట్టాం. తప్పు సీడీది కాదు. విండోస్ 98 బూట్ ఫ్లాపీ తన పనిముట్లు పెట్టుకోవడానికి మెమరీలో ఒక చిన్న ఉత్తుత్తి డిస్కు తయారుచేసుకుంటుంది. డీ అనే అక్షరం దానికి పోయింది. సీడీ ఒక అడుగు జరిగి ఈ అయింది. తరగతిలో కొత్త పిల్లవాడు వచ్చి కూర్చుంటే హాజరు పట్టీలో అందరి నంబరూ ఒకటి జరిగినట్టు.

సీడీలోని విండోస్ ఫోల్డర్‌ను ముందు డిస్కు మీదికి కాపీ చేసుకుని, అక్కడి నుంచే సెటప్ నడిపాం. తర్వాత ఏ ఫైలు అడిగినా సీడీ కోసం వెతుక్కునే పని ఉండదు.

నాలుగో చిక్కు: మెమరీ ఎక్కువై మెమరీ చాలదనడం. సెటప్ సగం దాకా వెళ్లి మొదటిసారి విండోస్ లేవబోతూ "మెమరీ చాలదు" అని ఆగింది. ఒక జీబీ పెట్టుకుని చాలదనడమేమిటి? విండోస్ 98 ఉన్న మెమరీని బట్టి డిస్కు పనుల కోసం కొంత చోటు ముందే పక్కన పెట్టుకుంటుంది. మెమరీ 512 ఎంబీ దాటితే ఆ చోటు మరీ పెద్దదై, మిగతా పనులకు కావలసిన చిరునామాలను మింగేస్తుంది. విందుకు వచ్చినవాళ్లు కూర్చోవలసిన చోటంతా వంటగిన్నెలే ఆక్రమించినట్టు. మందు సులువు. రెండు 512 కార్డుల్లో ఒకటి పీకేశాం. విండోస్ లేచింది. కార్డు తీయడం వీలుకాకపోతే సిస్టమ్ ఫైలులో ఆ చోటుకు హద్దు రాసే పద్ధతి కూడా ఉంది.

అయిదో చిక్కు: తాళం. తెర డ్రైవరు దాత ఇచ్చిన సీడీ నుంచే ఎక్కింది. డీటీపీ సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కింది. తెరిస్తే "తాళం దొరకలేదు" అంటుంది. తాళం ఉంది, పోర్టు ఉంది. యంత్రం మొదలయ్యేటప్పుడు వచ్చే అమరికల్లోకి వెళ్లి చూస్తే ప్రింటర్ పోర్టు కొత్త వేగపు పద్ధతిలో ఉంది. దాన్ని పాత మామూలు పద్ధతికి మార్చాం. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది.

అక్షరాలు తిరిగి వచ్చిన సాయంత్రం

విండోస్ 98కు ఇప్పటి పెన్ డ్రైవ్‌లు తెలియవు, ఒక్కోదానికి విడిగా డ్రైవరు కావాలి. అందుకని పెంటియమ్ 4 డిస్కునే తీసి, అదే అడాప్టర్‌తో కొత్త కంప్యూటర్‌కు కలిపి, నకలులోని సర్టిఫికెట్ల ఫోల్డర్‌ను దాని మీదికి ఎక్కించి, మళ్లీ బిగించాం. ఫైలు తెరిచాం. ఒక్క క్షణం గడియారం గుర్తు తిరిగింది. తర్వాత తెర మీద తెలుగు! మా సొసైటీ పేరు, కింద ఆ బ్యాచ్ అమ్మాయిల పేర్లు, తండ్రుల పేర్లు, శిక్షణ తేదీలు. గదిలో ఉన్నవాళ్లం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ పేజీలను బయటికి తేవడానికి ఇంకో చిన్న ఉపాయం చేశాం. విండోస్ 98లో ఒక పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ డ్రైవర్ పెట్టి, కాగితం మీద కాకుండా "ఫైలుకు ప్రింట్" చేశాం. ఆ ఫైళ్లను కొత్త కంప్యూటర్‌లో పీడీఎఫ్‌గా మార్చాం. ఇప్పుడవి ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటాయి. ఏ ఫాంటూ, ఏ తాళమూ అక్కర్లేదు.

మమ్మల్ని అడిగిన అమ్మాయి పేరు మూడో జాబితాలో దొరికింది. సర్టిఫికెట్ కాపీ మీద సంతకం చేసి ఇచ్చాం. ఆమె దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, కొంగులో దాచుకుని వెళ్లింది.

కానీ నిజం మొత్తం చెప్పాలి. చదవడానికి రాని గడులు ఉన్నాయన్నాం కదా. ఒక బ్యాచ్ ఫైలు సరిగ్గా వాటిలోనే పడింది. అది తెరుచుకోలేదు. ఆ బ్యాచ్‌లో నేర్చుకున్న అమ్మాయిలు రేపు వచ్చి అడిగితే మా దగ్గర కాగితం లేదు, ఫైలూ లేదు. అయిదేళ్ల ముందే ఈ పని చేసి ఉంటే అది కూడా దక్కేదేమో అన్న బాధ మాకు ఉంది. ఆ తప్పు యంత్రానిది కాదు, మాది.

దాతలకు మా మనవి

ఈ అనుభవం తర్వాత మేము కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ప్రతి రికార్డుకు మూడు రూపాలు ఉండాలి: కాగితం మీద ఒకటి, ఆఫీసు కంప్యూటర్‌లో ఒకటి, వేరే ఇంట్లో పెట్టిన డిస్కులో ఒకటి. కాగితం రిజిస్టర్లు కింది అరలో ఉండవు. ఏడాదికి ఒకసారి ప్రతి నకలునూ తెరిచి చూస్తాం. తెరిచి చూడని నకలు ఉందో లేదో తెలియదు.

మీరు పాత కంప్యూటర్ ఇవ్వాలనుకున్నప్పుడు యంత్రంతోపాటు దాని సీడీలు, కీ ఉన్న కవర్లు, చిన్న తాళాలు, కేబుళ్లు కూడా ఇవ్వండి. అవి మీకు చెత్తలా కనిపించవచ్చు, మాకు అవే తాళంచెవులు. ఇచ్చే ముందు మీ సొంత ఫైళ్లు, బ్యాంకు వివరాలు తీసుకుని డిస్కును శుభ్రం చేయండి. మీ కుటుంబంలో పెద్దలు వాడిన కంప్యూటర్ అయితే, తుడిచే ముందు వాళ్ల ఫొటోలు, రాతలు ఏమున్నాయో ఒకసారి చూడండి.

ఎందుకూ పనికిరాని యంత్రాలను మాత్రం దయచేసి చెత్తకుప్పలో వేయకండి, తీగల్లోని రాగి కోసం కాల్చనివ్వకండి. పాత మానిటర్ల గాజులో, బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం అవి రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలి. మాకు పంపితే మేమే చేరుస్తాం.

ఆ పెంటియమ్ 4 ఇప్పుడు వెనక గదిలో మేజా మీద ఉంది. దాని మీద ఒక చీటీ అంటించాం: "ఫార్మాట్ చేయవద్దు." ఇతర సంస్థలవారు, మదర్సాలవారు, చిన్న ప్రెస్సులవారు తమ పాత తెలుగు, ఉర్దూ ఫైళ్లు తెస్తే, ఆదివారం మధ్యాహ్నాలు వాటిని తెరిచి చూడటానికి మేము సిద్ధం. రుసుము లేదు. వచ్చేటప్పుడు అసలు డిస్కును తుడవకుండా, ఎవరికీ ఫార్మాట్ చేయనివ్వకుండా తెండి. మిగతా పని కలిసి చూసుకుందాం.